అంచులో మడిచిన మార్కులు

పోయినవారం మనం ఆగిన చోట డాక్టరమ్మ ఒక ఉత్తరాన్ని కుట్టుమిషను సొరుగులో పడేసి, సొరుగును మోకాలితో నెట్టి మూసేసింది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటొచ్చిందనీ, శనివారం సాయంత్రం అయిదింటిలోగా సంతకం పెట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామనీ ఆ ఉత్తరంలో ఉంది. సంతకం పెట్టే ఉద్దేశం ఆమెకి లేదు. ఎందుకు లేదో తెలియాలంటే తలుపు చట్రానికి అంటించిన కొలత టేపు సంగతి చెప్పాలి.

చెప్పేముందు ఒక మాట. డాక్టరమ్మ డాక్టరు కాదు. అది వీధి పెట్టిన పేరు. మెడికల్ ఎంట్రన్సు మొదటిసారి రాసినప్పుడు ముద్దుగా పిలిచారు. రెండోసారికి అలవాటుగా పిలిచారు. ఇప్పుడు మూడోసారికి ఆ పిలుపు పిలిచేవాళ్ళకీ ఇబ్బందిగానే ఉంది, కానీ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. పాలు పోసే ఆవిడ కూడా "డాక్టరమ్మా, గిన్నె పట్టుకురా" అనే అంటుంది.

వాళ్ళమ్మ స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ. ముందుగదే షాపు. గోడవారగా మిషను, నడుమ గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, ఆ బల్ల చివర రెండు మూరల మేర డాక్టరమ్మ పుస్తకాలు. గుడ్డ ఆ గీత దాటి ఇటు రాకూడదు, పుస్తకం అటు పోకూడదు. కొలతలకొచ్చే పిల్లల ఎత్తు చూడ్డానికి తలుపు చట్రానికి నిలువుగా ఒక టేపు అంటించి ఉంటుంది. ఆ టేపు మీదే ప్రతి శనివారం ఒక గుండుసూది గుచ్చుతారు. కెమిస్ట్రీ ప్రాక్టీసు పేపర్లో ఆ వారం ఎన్ని మార్కులొస్తే అన్ని సెంటీమీటర్ల దగ్గర.

నలభై అయిదు ప్రశ్నలు. రైటుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఫిజిక్సూ బయాలజీ ఆమెను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. రెండుసార్లూ ముంచింది కెమిస్ట్రీయే. ఈసారి కెమిస్ట్రీలో నూట ఇరవై వస్తే చాలు, మిగతా రెండూ కలిసి ఒడ్డున పడేస్తాయి. తన పేపరు తను దిద్దుకుంటే "ఇది తెలిసిందేలే, తొందరలో తప్పు పెట్టా" అనుకుంటూ చెయ్యి మెత్తబడిపోతోందని ఆమెకే తెలుసు. అందుకని దిద్దే పని అమ్మకి అప్పగించింది. అమ్మకి కెమిస్ట్రీ రాదు. రానక్కర్లేదు కూడా. కీ పుస్తకంలో రెండు అని ఉంటే పేపర్లో రెండు ఉందో లేదో చూడాలి, అంతే. కీ పుస్తకం అమ్మ దగ్గరే ఉంటుంది, కూతురు ముట్టుకోకూడదు. ఈ వీధిలో కొలత తప్పని చెయ్యి ఏదైనా ఉంటే అది అమ్మది.

ఎనిమిది వారాలుగా సూది పైకే పాకుతోంది. అరవై, అరవై అయిదు, డెబ్భై, అలా అలా. ఈ శనివారం మధ్యాహ్నం రెండున్నరకి అమ్మ ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి, "తొంభై అయిదు" అంది. డాక్టరమ్మ లేచి సూది గుచ్చింది. పరీక్ష ఇంకా ఆరు వారాలుంది. వారానికి అయిదు చొప్పున ముప్ఫై. తొంభై అయిదూ ముప్ఫై, నూట ఇరవై అయిదు. పోయిన శనివారం తొంభై దగ్గర ఇంకో వారం కలిపి వేసినా ఇదే జవాబు; ఆ చిన్న కూడికను నమ్ముకునే ఆమె సోమవారం ఆ ఉత్తరాన్ని సొరుగులో పడేసింది.

సంతోషించాల్సిన మాటే. కానీ ఆమెకి సంతోషం రాలేదు. ఈమధ్య ఏదీ రావడం లేదు. నిద్ర చాలక కాదు, తిండి చాలకా కాదు. పుస్తకం తెరిస్తే చాలు, ఇదంతా ఇంతకు ముందే రెండుసార్లు చదివానన్న విసుగూ, రెండుసార్లు చదివినా రాలేదన్న అవమానమూ కలిసి మీద పడేవి. ఆమెను కుర్చీలో కూర్చోబెడుతున్నది ఆ సూది ఒక్కటే.

"ఏమ్మా, నా ప్యాంటు సంగతేమైనా చూస్తావా, పంచె కట్టుకోమంటావా?"

గడప దగ్గర మోల్ మాస్టారు. రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పి, ఆఖరికి ప్రతిదాన్నీ మోల్స్‌లోనే, అంటే ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలున్న గుంపుల్లోనే, లెక్కపెట్టే జబ్బు తెచ్చుకున్నాడు. ఒకసారి అమ్మ బొత్తాల డబ్బా చూసి, ఒక మోల్ బొత్తాలంటే ఈ భూమ్మీద పట్టవమ్మా అని గంటసేపు నిలబడి చెప్పాడు. ఆ గంటలో అమ్మ మూడు కాలర్లు పాడుచేసింది. ఈమధ్య మనిషి చిక్కిపోయి ప్యాంట్లు నడుం దగ్గర జారుతున్నాయి.

"కూర్చోండి మాస్టారూ, ఈ బొత్తం కాజా ఒక్కటీ అవగానే చూస్తాను" అంది అమ్మ, తలెత్తకుండా.

మాస్టారు స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరికే ఉండలేడు. తలుపు వైపు చూశాడు.

"ఆ సూదులేంటమ్మాయ్?"

డాక్టరమ్మ చెప్పింది. మాస్టారు లేచి, కళ్ళజోడు పైకి నెట్టి, టేపు దగ్గరగా ముక్కు పెట్టి చూశాడు. ఎనిమిది సూదులు. కింది నుంచి పైకి వేలితో తడుముకుంటూ వెళ్ళాడు.

"భలే. ముప్ఫై ఏళ్ళలో ఇలా పెరిగిన పిల్లని చూళ్ళేదు. ఎక్కినవాళ్ళు జారతారు, జారినవాళ్ళు ఎక్కుతారు. ఇవేమో కాజాలు కుట్టినట్టున్నాయి, సమానంగా."

మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. డాక్టరమ్మ దాన్ని పట్టించుకోలేదు. పొగడ్త విని చాలా రోజులైంది. "ఈ వారం పేపరు చూస్తారా మాస్టారూ?" అని తనే తీసి ఇచ్చింది.

ఆయన పేజీలు తిప్పాడు. పదిహేడో ప్రశ్న దగ్గర ఆగాడు.

"ఇది చెప్పు. సమతాస్థితిలో ఉన్న ఉష్ణమోచక చర్య. అంటే వేడిని బయటికి వదిలే చర్య. వేడి పెంచితే ఎటు జరుగుతుంది?"

"ముందుకి" అంది టక్కున. "ఈ ప్రశ్న నాకిప్పటికి మూడుసార్లు రైటొచ్చింది."

"వెనక్కి కదమ్మా" అన్నాడు మాస్టారు. "అసలే వేడిని కక్కుతోంది. దానికి నువ్వు ఇంకా వేడి పెడితే వద్దని వెనక్కి తిరుగుతుంది. అయినా నువ్వు ముందుకనే పెట్టావు. రైటని ఎర్ర టిక్కు కూడా ఉంది. ఎవరు దిద్దారు?"

మిషను ఆగిపోయింది, ఈసారి మళ్ళీ మొదలవలేదు. మాస్టారు అమ్మ ముఖం చూశాడు. చూసి, పేపరు మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. "అచ్చుతప్పై ఉంటుందిలే కీలో. అప్పుడప్పుడూ ఉంటాయి" అని గొణిగాడు. ముప్ఫై ఏళ్ళు మాస్టారుగా చేసిన మనిషికి అబద్ధం చెప్పడం రాలేదు పాపం.

డాక్టరమ్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కత్తెరల కింద ఉన్న కీ పుస్తకం తీసింది. అమ్మ ఆపలేదు. పదిహేడు. మూడు. తను పెట్టింది ఒకటి. పక్కనే ఎర్ర టిక్కు, శుభ్రంగా, వంకర లేకుండా ఉంది.

ఆ తర్వాత ముప్పావుగంట ఆ గదిలో వినిపించింది అంకెలే. మాస్టారు కీ చదివాడు, డాక్టరమ్మ తన ఎనిమిది పేపర్లూ మళ్ళీ దిద్దింది. అమ్మ సగం కుట్టిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధ్యలో ఒక పిల్ల తల్లి వచ్చి రేపటి గౌను ఇవాళే అయిందా అని అడిగితే, రేపు రమ్మని చేత్తోనే చెప్పింది.

లేని చోట పెట్టిన టిక్కులు మొత్తం ముప్ఫై ఎనిమిది.

డాక్టరమ్మ టేపు దగ్గరికెళ్ళి ఎనిమిది సూదులూ పీకి, ఒక్కొక్కటే అసలు చోట గుచ్చింది. నలభై అయిదు. యాభై. నలభై. యాభై అయిదు, మళ్ళీ యాభై అయిదు. అరవై. మళ్ళీ యాభై అయిదు. అక్కడ మూడు సూదులకి చోటు చాలక ఒకటి పక్కకి ఒరిగింది. చివరిది డెబ్భై దగ్గర గుచ్చి, చేతులు దులుపుకుంది. నూట ఇరవై ఎక్కడో ఆమె తలకి కాస్త కింద కనిపించింది. ఇందాకటి దాకా అది దగ్గరగానే ఉన్నట్టుండేది.

మాస్టారు ప్యాంటు మడిచి చంకలో పెట్టుకున్నాడు. గడప దగ్గర ఆగాడు.

"అమ్మాయ్. సీటొస్తుందని నేను చెప్పను. నాకు తెలీదు. చెప్పి చెప్పి అలిసిపోయాను. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు, నేను మాత్రం అందరికీ ఒకే మాట చెప్పాను. కానీ ఒకటి. నలభై అయిదు నుంచి డెబ్భై దాకా ఎగుడుదిగుడుగా వచ్చావు చూడు, అది ఎవరూ గుచ్చింది కాదు. నీదే." అమ్మ వైపు తిరిగాడు. "ప్యాంటు మళ్ళీ తెస్తాలేమ్మా."

ఆయన పోయాక గది చిన్నదైపోయింది.

"చెప్పు" అంది డాక్టరమ్మ.

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పమ్మా. కళ్ళు కనబళ్ళేదను. మూడుకీ ఒకటికీ తేడా తెలీలేదను. నమ్ముతాను."

అమ్మ ఒళ్ళో చొక్కాని తిరగేసింది. లోపలి అంచు వేళ్ళతో విప్పి చూపించింది. నాలుగు వేళ్ళ మడత. "ఇది ఎందుకు వదుల్తానో తెలుసుగా."

తెలుసు. ఎదిగే పిల్లల బట్టకి అంచులో గుడ్డ మడిచి కుడుతుంది అమ్మ. ఆర్నెల్ల తర్వాత వచ్చి పొట్టయిందంటే, మడత విప్పి ఇస్తుంది. ఈ వీధి పిల్లలందరూ ఆ మడతలోనే ఎదిగారు.

"నువ్వూ ఎదుగుతావుగా అనుకున్నా" అంది అమ్మ. "ఎదిగాక ఆ మార్కులూ ఈ మార్కులూ సరిపోతాయి, ఎవరికీ తెలీదు అనుకున్నా."

"మార్కులు గుడ్డ కాదమ్మా, మడిచి దాచుకోడానికి!" గొంతు పెరిగింది, మరుక్షణం తగ్గిపోయింది. అరవడానికి కూడా ఓపిక లేదు. "నేను నువ్వు తప్పు పెట్టినవే మళ్ళీ చదువుతాను. రైటు పెట్టినవాటి జోలికి పోను. వచ్చేశాయిగా అని వదిలేస్తాను. ఎనిమిది వారాల్నుంచి ముప్ఫై ఎనిమిది తప్పుల్ని రైటనుకుని మోస్తున్నాను. పరీక్షలో కూడా అవే పెట్టొచ్చేదాన్ని, టక్కున, ధైర్యంగా."

అమ్మకి ఈ సంగతి తట్టినట్టు లేదు. చొక్కా పక్కన పెట్టింది.

"సూదులు మొదలుపెట్టకముందు నలభై అయిదొచ్చిన వారం నువ్వు నాలుగు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నావు. గుర్తుందా? జడ విప్పలేదు, పళ్ళు తోమలేదు. అన్నం పెడితే పెట్టినట్టే ఉండేది. నేను ఇక్కడ మిషను తొక్కుతూ చెవి అటే పెట్టుకుని కూర్చున్నాను, కదుల్తున్నావో లేదో అని. అయిదోరోజు నా పోరు పడలేక మళ్ళీ ఒక పేపరు రాశావు. మళ్ళీ నలభై అయిదే. ఎర్ర పెన్సిలు పట్టుకుని అరగంట కూర్చున్నా. మూడు టిక్కులు ఎక్కువ పెట్టా. అరవై అన్నాను. నువ్వు లేచి తల దువ్వుకున్నావు."

డాక్టరమ్మకి గుర్తుంది. ఆ రోజు దువ్వెన చిక్కుల్లో ఇరుక్కుని పళ్ళు విరిగాయి.

"నువ్వు డాక్టరవ్వాలని పెట్టలేదు తల్లీ ఆ టిక్కులు. లేవాలని పెట్టా."

"ఆ మూడుతో ఆగొచ్చుగా."

"తర్వాత వారం తగ్గితే మళ్ళీ పడుకుంటావేమోనని భయమేసింది. ప్రతి శనివారం అదే భయం."

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. కోపం ఎక్కడ పెట్టాలో డాక్టరమ్మకి తెలియలేదు. అమ్మ మీద పెడదామంటే అమ్మ అప్పటికే వంగిపోయి ఉంది. అమ్మ బొటనవేలి మీద చిన్న తెల్లటి మచ్చ కనిపించింది. తనకి పదకొండేళ్ళప్పుడు మిషను సూది ఆ వేలిలో దిగి లోపలే విరిగింది. ఒక లేడీ డాక్టరు దాన్ని తీసింది. తీస్తున్నంతసేపూ ఆవిడ అమ్మతో యూనిఫారాల కబుర్లే చెప్పింది. అమ్మకి సూది బయటికొచ్చిన సంగతే తెలియలేదు. పక్కన నిలబడి చూసిన పిల్ల ఆ రోజే అనుకుంది, నేనూ ఇలాగే అవుతానని. ఆ అనుకున్నది మోసుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది. ఇప్పుడు భుజాలు దిగిపోయి ఉన్నాయి.

గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"పోనీలే" అంది ఉన్నట్టుండి. "ఇంకా గంట టైముంది. వెళ్ళి ఆ సంతకం పెట్టేసి వస్తాను. నాకింక వద్దమ్మా. రక్తం సీసాల్లో పోసి పరీక్ష చేస్తాను, రిపోర్టు రాస్తాను. అదీ ఆస్పత్రే కదా."

అనగానే ఒంట్లోంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఎంత హాయి! రేపు పొద్దున లేచి ఏమీ చదవక్కర్లేదు. ఆ హాయికి తనకే సిగ్గేసింది, అయినా హాయి హాయే. నిజం చెప్పాలంటే ఎనిమిది వారాల్లో ఆమెకి కలిగిన మొదటి సంతోషం అదే.

మిషను సొరుగు లాగింది. బాబిన్లు, విరిగిన సూదులు, అరిగిపోయిన సుద్దముక్కలు, ఎవరో వదిలేసిన బెల్టు బకిలు. ఉత్తరం లేదు. సొరుగు మొత్తం బయటికి లాగి బల్ల మీద బోర్లించింది. లేదు.

"అమ్మా, ఉత్తరమేదీ?"

అమ్మ లేచింది. ఇస్త్రీ బల్ల దగ్గరికెళ్ళి, దాని మీద పరిచిన కాలిపోయిన దుప్పటి మూల ఎత్తింది. అడుగు నుంచి మడిచిన కాగితం తీసి కూతురికిచ్చింది. ఉత్తరం కాదు అది. రసీదు. సీటు ఖాయమైనట్టు ముద్ర, కింద సంరక్షకురాలు అన్నచోట అమ్మ సంతకం.

"మంగళవారం లైనింగు గుడ్డకని వెళ్ళానే, ఆ రోజు" అంది అమ్మ. "ఉత్తరం ఇస్తే తల్లి సంతకం చాలన్నారు."

డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని నిలబడింది. తను చెయ్యబోయిందీ అదే పని. కానీ తను చెయ్యడం వేరు.

"మంగళవారం ఇక్కడ సంతకం పెట్టావు. శనివారం తొంభై అయిదన్నావు. అంటే నేను నెగ్గుతానని నీకు ఒక్కరోజు కూడా నమ్మకం లేదు."

"అలా కాదు."

"మరెలా?"

"నువ్వు నెగ్గకపోతే..." అని అమ్మ ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. "నెగ్గకపోతే ఆ గోడ వైపు తిరిగి పడుకుంటావు. అప్పుడు నా దగ్గర పెట్టడానికి టిక్కులు కూడా ఉండవు."

చూపు తిప్పుకుందామని డాక్టరమ్మ రసీదు మిగతా సగం చదివింది. ఏయే సర్టిఫికెట్లు తేవాలో ఉంది. తెల్లకోటు కుట్టించుకోవాలని ఉంది. దాని కింద పెద్ద అక్షరాల్లో ఉంది, వచ్చే నెల పద్నాలుగో తారీకు ఉదయం తొమ్మిదిన్నరకి హాజరు కావాలి, ఆ రోజు రానివారి సీటు రద్దవుతుంది.

పద్నాలుగు.

ఆమె మెల్లగా తల తిప్పి తలుపు వైపు చూసింది. టేపు పక్కనే, కంటికెదురుగా ఉండాలని తన చేత్తోనే అంటించుకున్న కాగితం. మెడికల్ ఎంట్రన్సు. వచ్చే నెల పద్నాలుగో తారీకు. ఉదయం పది గంటలు.

చిత్రం. ఇందాక అంత హాయిగా వదిలేసిన పరీక్ష. ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టు ఇప్పుడు అదే తనకి కావాలనిపించింది. టేపు మీద డెబ్భై దగ్గర సూది కనిపించింది. నీదే అన్నాడు మాస్టారు.

గదిలో ఎటు చూసినా మూటలు. ప్రతి మూట మీదా సుద్దతో ఇవ్వాల్సిన తేదీ. ఇరవై ఏళ్ళలో అమ్మ ఒక్క తేదీ తప్పింది లేదు. జ్వరంతో కూడా లేచి కూర్చుని చెప్పిన రోజుకి ఇచ్చేది.

"అమ్మా" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నువ్వు తేదీలు మర్చిపోవు. ఇది చూడకుండా సంతకం పెట్టేశావా?"

అమ్మ మిషను ముందు కూర్చుంది. సగంలో ఆగిన చొక్కాని సూది కిందికి సర్దింది. పాదం తొక్కుడు చెక్క మీద పెట్టింది గానీ తొక్కలేదు.

"చూశాను" అంది. "చూసే పెట్టాను."